కొండమట్టి పనికిరానిదా?



"డెల్టా మట్టి బంగారం, మా కొండమట్టి ఎందుకూ పనికిరాదు" అని మన హాస్టల్లోనే చాలామంది అంటుంటారు. ఇది ఊసుపోక కబురే అయితే నేనింత రాయనక్కర్లేదు. కానీ మా ఊరి వైపు ఈ మాట నమ్మే పెద్దోళ్ళు జీడితోటల్ని, మెట్ట చేలని కిందనుంచి వచ్చినోళ్ళకి చవగ్గా కౌలుకి వదిలేస్తున్నారు. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి అమ్మడమే కాదు, కౌలుకివ్వడం కూడా 1970 నాటి 1/70 చట్టం ప్రకారం చెల్లదు. చట్టం సంగతి సోషల్ మాస్టారిని అడగండి. నేను మట్టి సంగతి చెబుతాను.

ఏ మట్టయినా ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిసిందే. ఇసుక రేణువు 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్ల కంటే చిన్నది, అంటే వెయ్యో వంతు కూడా ఉండదన్నమాట! రేణువులు పెద్దవైతే మధ్యలో సందులు పెద్దవి, నీళ్ళు జారిపోతాయి. రేణువులు సన్నవైతే నీళ్ళు పట్టి ఉంటాయి. ఏ పంటకి ఏ నేల అన్న ప్రశ్న సగం ఇక్కడే తేలిపోతుంది.

సెలవులకి ఇంటికెళ్ళేటప్పుడు బస్సు కిటికీ పక్కన కూర్చుని చూడండి. కాకినాడ దాటి సామర్లకోట వైపు వెళ్తుంటే అంతా బల్లపరుపు వరి చేలు. అది గోదావరి తెచ్చి పోసిన నేల, బంకమన్ను పాలు ఎక్కువ. దమ్ము చేస్తే అడుగు మూసుకుపోయి నీళ్ళు నిలబడతాయి. వరికి కావలసింది అదే. ఎండాకాలం అదే చేను కాలు దిగేంత బీటలు తీస్తుంది.

పెద్దాపురం చేరి పాండవుల మెట్ట కనబడేసరికి మట్టి ఎర్రబడుతుంది. ఇనుము తుప్పు పట్టినట్టే, మట్టిలోని ఇనుము గాలితో కలిసి ఆ రంగు వస్తుంది. ఇక్కడ నీళ్ళు నిలవవు. అందుకే కర్రపెండలం వేస్తారు. నీళ్ళు నిలిస్తే దాని దుంప కుళ్ళిపోద్ది. మనకి పండగ పాయసంలో వేసే సగ్గుబియ్యం ఈ దుంప నుంచే వస్తుంది, మిల్లులు కూడా పెద్దాపురం, సామర్లకోట చుట్టూనే ఉన్నాయి. జగ్గంపేట, గోకవరం దాటి రంపచోడవరం ఘాటు ఎక్కితే ఇంకా మనదే ఎర్రమట్టి. జీడిమామిడి, కంది, చోళ్ళు, సామలు దీనిమీద హాయిగా పండుతాయి. జీడిమొక్కని తీసుకెళ్ళి డెల్టా వరి చేలో నాటండి, ఒక్క వానాకాలానికే వేళ్ళు ఊపిరాడక చస్తుంది. మరి ఏది పనికిరాని మట్టి?

సముద్రం వైపు వెళ్తే ఇంకో కథ. తాళ్ళరేవు, కోరంగి దగ్గర కొన్నిచోట్ల నేలమీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నేలలో ఉప్పు ఎక్కువైతే తడి ఉన్నా వేరు నీళ్ళు లాక్కోలేదు, పైరు మాడిపోతుంది. కానీ మడచెట్లు అక్కడే అడవై పెరిగాయి!

డెల్టా కూడా ఊరికే బంగారం కాలేదు. 1832-33లో వచ్చిన నందన కరువులో ఈ నేలమీదే జనం తిండిలేక చనిపోయారు. మట్టి అప్పుడూ ఇదే. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాక, కాలవ నీళ్ళు వచ్చాక ఈ సిరి వచ్చింది. నీళ్ళు రావడమే కాదు, పోవడమూ ఉండాలి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధర లేదన్న బాధతో పాటు మురుగు కాలవలు పూడి చేలు మునుగుతున్నాయన్న బాధ కూడా చెప్పుకున్నారు.

మన మట్టికి లోపం లేదని నేను అనను. దాంట్లో నత్రజని, కుళ్ళిన ఆకు పదార్థం తక్కువ. అన్నిటికంటే పెద్ద బెడద ఏంటంటే, పై పొర పల్చగా ఉంటుంది, వాలులో ఉంటుంది. వానాకాలం గోదారికి ఎర్రనీరు వచ్చిందని కింద ఊళ్ళలో సంబరపడతారు (పులస దొరుకుతుంది మరి!). ఆ నీటిలో మహారాష్ట్ర నల్లమట్టీ ఉంటుంది, సీలేరు శబరిలో కలిసి, శబరి కూనవరం దగ్గర గోదారిలో కలిసి తెచ్చే కొండమట్టీ ఉంటుంది. ఒక అంగుళం మట్టి తయారవడానికి వందల ఏళ్ళు పడుతుంది, పోవడానికి నాలుగు గట్టి వానలు చాలు. పోడు కొట్టిన చోటుని పూర్వం ఏళ్ళ తరబడి వదిలేసేవారు, అడవి మళ్ళీ కమ్ముకునేది. ఇప్పుడు అంత ఆగడానికి చోటు లేదు. కాబట్టి వాలుకి అడ్డంగా దున్నాలి, ఏరిన రాళ్ళని పారేయకుండా అడ్డంగా కట్టలా పేర్చాలి, జీడిచెట్ల మధ్య నేల ఖాళీగా వదలకుండా కంది వేయాలి, ఆకు తగలబెట్టకూడదు. డబ్బు ఖర్చు లేదు, ఒళ్ళు వంచితే చాలు.

మీ మట్టి ఏదో మీరే చూసుకోవచ్చు. తడిపి అరచేతిలో తాడులా పేనండి. విరక్కుండా ఉంగరంలా వంగితే బంకమన్ను, తాడే కాకపోతే ఇసుక. ఇంకొకటి, గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా గిలకరించి కదపకుండా పెట్టండి. ముందు ఇసుక దిగుతుంది, కాసేపటికి ఒండ్రు, మర్నాటికి కూడా నీళ్ళు మురికిగానే ఉంటే అది బంకమన్ను.

బలం సంగతి మాత్రం పరీక్షలోనే తెలుస్తుంది. 2015 నుంచి ప్రభుత్వం మట్టి నమూనాలు పరీక్షించి భూసార కార్డులు ఇస్తోంది. ఈసారి సెలవుల్లో మీ నాన్నతో చేనుకి వెళ్ళండి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంట వేసిన చోట మట్టి తీయకూడదు. చేలో ఎనిమిది, పది చోట్ల జామెట్రీ బాక్సులో స్కేలంత లోతు, అంటే 15 సెంటీమీటర్లు తవ్వి, పక్కనుంచి పైనుంచి కిందదాకా ఒకే మందాన గీయాలి. అంతా కలిపి గుడ్డమీద పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారేయాలి. అరకిలో మిగిలేదాకా ఇలాగే. నీడలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డసంచిలో కట్టి, చీటీమీద పేరు, ఊరు, సర్వే నంబరు, కిందటేడు వేసిన పంట రాసి వ్యవసాయశాఖ వాళ్ళకి ఇవ్వాలి. ఎరువుల సంచిలో మాత్రం కట్టకండి, లెక్క తప్పుతుంది.