రాయి కదిలినా... రాత చెదరలేదు!

పుట్టుక, పెళ్లి, చావు... మనిషి బతుకులోని ఈ మూడు ఘట్టాలనూ మూడున్నర శతాబ్దాల కిందటి నుంచీ రాసిపెడుతున్న చోటు ఒకటుంది. అదే చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి. మన రాయలసీమ గుండెల్లో నిలిచిపోయిన ఓ దొర సమాధి కూడా అక్కడే ఉంది!

కుప్పంలో ఉదయం రైలెక్కితే మధ్యాహ్నానికల్లా చెన్నై సెంట్రల్. అక్కడికి దగ్గర్లోనే కోట. లోపలికి వెళ్తే సచివాలయం హడావుడికి కాస్త పక్కగా తెల్లటి చర్చి కనిపిస్తుంది. 1678లో పునాది వేసి, 1680 అక్టోబరు 28న ప్రారంభించారు. ఫిరంగి గుండ్లు పడినా తట్టుకునేలా పైకప్పును మందంగా కట్టారు.

లెక్క మొదలైందిలా...

ఈ రాత అలవాటు ఇంగ్లండు నుంచి వచ్చింది. ఊళ్లో జరిగిన ప్రతి బాప్తిస్మం, పెళ్లి, ఖననం వివరాల్ని వారం వారం పుస్తకంలో రాయాలని 1538లో రాజమంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆదేశించాడు. ఆ పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో పెట్టాలి. ఒక తాళంచెవి పాస్టరు దగ్గర, రెండోది చర్చి పెద్దల దగ్గర! కొత్త పన్ను వేయడానికే ఈ లెక్కలంటూ జనం హడలిపోయారట.

ఆ పద్ధతే ఓడెక్కి మద్రాసు చేరింది. సెయింట్ మేరీస్ పెళ్లి పుస్తకంలో మొదటి జంట ఎలిహూ యేల్, క్యాథరిన్ హిన్మర్స్. ఏడాది 1680. ఆ యేల్ పేరే తర్వాత అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పెట్టారు. 1753 ఫిబ్రవరి 18న రాబర్ట్ క్లైవ్ పెళ్లి జరిగిందీ ఇక్కడే.

గొప్పవాళ్ల గురించి చెప్పడానికి చరిత్ర పుస్తకాలున్నాయి. అనామక సిపాయి, నెలల పసికందు, ఓడ దిగిన కొద్దిరోజులకే కన్నుమూసిన గుమాస్తా... వీళ్లకి మాత్రం ఆ ఒక్క వరసే చరిత్ర.

సమాధి ఒకచోట... రాయి ఒకచోట

చర్చి ఆవరణలో నడిస్తే కాళ్లకింద సమాధి రాళ్లే. కానీ వాటికింద ఎవరూ లేరు! తొలిరోజుల శ్మశానం ఇప్పటి హైకోర్టు పక్కన, పాత లా కాలేజీ ఆవరణలో ఉండేది. 1758-59లో ఫ్రెంచివాళ్లు కోటను ముట్టడించినప్పుడు ఆ సమాధుల చాటు నుంచే కాల్పులు జరిపారు. ముట్టడి ముగిశాక సమాధుల్ని తొలగించి, రాళ్లను చర్చి దగ్గరికి చేర్చారు. పాతచోట మిగిలిన ఆనవాళ్లలో యేల్ చిన్నారి కొడుకు డేవిడ్ సమాధి ఒకటి. రాళ్లు ఎటుపోయినా, పుస్తకంలో రాసింది రాసినట్టే నిలిచింది.

రాయలసీమ దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా చేసిన థామస్ మన్రోదీ కదిలిన సమాధే. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తిలో ఖననం చేశారు. 1831లో అస్థికల్ని తెచ్చి సెయింట్ మేరీస్‌లో ఉంచారు.

రెండో ప్రతి లండన్‌లో

మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల పద్దులకు నకళ్లు తీసి లండన్ పంపేవారు. 1698 నుంచీ వెళ్లిన ఆ ప్రతులు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీ భండారంలో భాగం. తాతముత్తాతల జాడ వెతుక్కునేవాళ్లకి అవే ఆధారం. ఇక్కడ చెదలు తిన్నా అక్కడ పేరు మిగులుతుంది.

మరి మన దగ్గర?

మదనపల్లెలో 1863లో జేకబ్ చాంబర్లేన్ మిషన్ పని మొదలుపెట్టాడు. ఆయన ఆర్కాటు మిషన్ అమెరికా వాళ్లది. మద్రాసు కోట చర్చి ఇంగ్లండు వాళ్లది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంతో రెండు సంప్రదాయాలూ ఒక గూటికి చేరాయి.

దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు పుట్టిన పెద్దల్లో చాలామందికి సర్టిఫికెట్టే ఉండదు. బాప్తిస్మం పుస్తకంలోని ఒక్క వరస ఆ కుటుంబానికి ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు. కానీ దానికి రెండో ప్రతి ఉందా?

చర్చి బీరువాలోని పుస్తకమైనా, మన ఇంటి ట్రంకుపెట్టెలో తాతయ్య చేత్తో రాసిన పుట్టిన తేదీల కాగితమైనా ఒకటే. చెదలు చదవకముందే మనం చదవాలి. కనీసం ఒక ఫొటో అయినా తీసి దాచాలి!