రాకాసిగుళ్ళు చెప్పు సాక్ష్యము

మన పల్లెల పొలిమేరలలోను, కొండల మొదళ్ళలోను చెక్కని గుండురాళ్ళు వలయాకారముగా నాటబడి యుండుట పెక్కుమంది చూచియే యుందురు. ఇంతటి రాళ్ళను మనుష్యులు కదల్పజాలరని తలచి పల్లెవాసులు వానిని రాకాసిగుళ్ళనిరి. కొన్నిచోట్ల పాండవగుళ్ళనియు అందురు. నిజమునకు అవి గుళ్ళును గావు, రాకాసులు కట్టినవియు గావు. అవి సమాధులు. ఇనుము వాడుక నేర్చి, పైరు పెట్టి, పశువులను మేపుకొని బ్రదికిన జనులు ముఖ్యముగా క్రీస్తుకు పూర్వము మొదటి సహస్రాబ్దిలో తమ మృతుల కొఱకు కట్టుకొన్నవి.

పైకి కనబడు వలయము ఈ కట్టడమునకు సరిహద్దు మాత్రమే. కొన్నిటికి ఒక వరుస, కొన్నిటికి రెండు వరుసల రాళ్ళుండును. నడుమ చిన్నరాళ్ళ కుప్ప. దాని క్రింద కొన్నిచోట్ల గొయ్యి మాత్రమే యుండును. కొన్నిచోట్ల నాలుగు పలకబండలు నిలిపి, పైన వేఱొక బండ కప్పిన రాతిపెట్టె యుండును. ఒక్కొక్క పలక అంచు ప్రక్కపలకను దాటి సాగుటచే, పైనుండి చూచిన స్వస్తికవలె తోచును. ఇట్లు ఒకదానినొకటి ఒత్తిపట్టుటచే బండలు లోనికి కూలవు. ఒక పలకకు గుండ్రని రంధ్రము తొలిచియుండుటయు గలదు.

లోపలి ఎముకలు తఱచుగా పూర్తి అస్థిపంజరములు గావు. దేహమును మొదట వేఱొకచోట నుంచి, పిదప ఎముకలనేరి తెచ్చి యిచట నిలిపిరని శాస్త్రజ్ఞులు తలంతురు. కొన్నిటిలో కాళ్ళుగల మట్టితొట్లు గలవు. వానితోపాటు ఇనుప కత్తులు, బాణపు మొనలు, పూసలు, వెలుపల ఎఱుపును లోపల నలుపునునైన కుండలు దొరకును.

ఈ వస్తువులకంటె అవి యున్న చోటు విలువైనది. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకమందలి బ్రహ్మగిరిలో త్రవ్వించినప్పుడు, సమాధులలోని కుండలవంటివే ప్రక్కనున్న జనావాసపు మట్టిపొరలలోను దొరకినవి. రాతిగొడ్డళ్ళ పొరలకు పైన, శాతవాహనకాలపు పొరలకు క్రింద అవి యుండెను. ఈ సమాధులకు చరిత్రలో స్థానము నిర్ణయించుటకు ఆ పొరలే ఆధారమైనవి. తరువాతి కర్బన పరీక్షలు వాని కాలమును మఱింత వెనుకకు జరిపినవి.

పాతరలో బంగారమున్నదని త్రవ్వువారు కుండపెంకులను విసరివేయుదురు. రాతి కొఱకు వచ్చువారు వలయమునే పగులగొట్టుదురు. ఒకసారి చెదరిన పొరను మరల పేర్చుట ఎవరితరమును గాదు.

నాగార్జునకొండ లోయ నీట మునుగుటకు ముందు, 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో ఇట్టి సమాధులను కొలిచి, చిత్రించి, వివరములు వ్రాసికొనిరి. లోయ మునిగినను ఆ సాక్ష్యము మిగిలినది. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినవి. ఏ జాబితాకును ఎక్కని వలయములు మాత్రము ఊరూరను గలవు. వానికి ఊరివారే కాపరులు. పొలమున అట్టి వలయము కనబడినచో రాయి కదల్పక, పురావస్తుశాఖకు తెలుపుట మేలు. వ్రాత నెఱుగని ఆ జనులు మనకు విడిచిన లేఖ ఆ రాళ్ళ వరుసయే.