నొప్పి మోకాలిలో, వ్యాధి తుంటిలో

పన్నెండేళ్ల బిడ్డ మోకాలు నొప్పి అని చెప్పగానే మనకు తోచే కారణాలు రెండే: ఆటలో బెణికి ఉంటుంది, లేదా పెరిగే వయసులో వచ్చే నొప్పులై ఉంటాయి. చాలాసార్లు అది నిజమే. కాని ఆ నొప్పితోపాటు బిడ్డ కుంటుతూ నడుస్తుంటే మనం మరో అవకాశాన్ని కూడా గుర్తుంచుకోవలసి ఉంది. బాధ మోకాలిలో తెలుస్తున్నా, లోపం తుంటిలో ఉండవచ్చు. తుంటి కీలుకూ, మోకాలి లోపలి భాగానికీ ఒకే నాడి శాఖలు వెళ్తాయి. అందువల్ల కీలులోని బాధ తొడలోనో, మోకాలిలోనో ఉన్నట్లు అనిపిస్తుంది. మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదని నిశ్చింతపడడం వల్ల విలువైన వారాలు, నెలలు గడిచిపోతాయి.

తుంటిలో ఏం జరుగుతుంది?

తొడ ఎముక పైభాగాన బంతి వంటి తల ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెలో అమరి తిరుగుతుంది. ఎదిగే పిల్లల్లో ఈ తలకూ, దాని కింది మెడకూ మధ్య మృదులాస్థితో కూడిన పలుచని పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగే చోట్లలో అదొకటి. దానినే ఎదుగుదల పలక అంటారు. పిల్లలు వేగంగా పొడవు పెరిగే వయసులో ఈ పలక బలహీనంగా ఉంటుంది. తడి ఆరని సిమెంటు మీద ఇటుక పక్కకు జరిగినట్లు, శరీర భారానికి ఎముక తల, మెడ ఒకదాని మీద నుంచి మరొకటి జారిపోతాయి. వైద్యులు దీనిని 'స్లిప్డ్ క్యాపిటల్ ఫీమోరల్ ఎపిఫిసిస్' అని, క్లుప్తంగా 'స్కిఫీ' అని వ్యవహరిస్తారు.

ఇది ఎక్కువగా 10 నుంచి 16 ఏళ్ల మధ్య కనిపిస్తుంది. బాలురలో ఎక్కువ. బాలికలకు కాస్త ముందు వయసులో వస్తుంది, రజస్వల అయిన తరువాత అరుదు. అధిక బరువు ప్రధాన కారణాలలో ఒకటి. అయితే సన్నని పిల్లలకు రాదని అనుకోరాదు. పదేళ్ల లోపు బిడ్డకు వచ్చినా, వయసుకు తగిన ఎత్తు లేని బిడ్డకు వచ్చినా థైరాయిడ్, ఎదుగుదల హార్మోను, మూత్రపిండాల లోపాల కోసం కూడా పరీక్షలు చేయించాలి.

ఇంట్లో గమనించదగినవి

నడిచేటప్పుడు ఒక పాదం బయటి వైపు తిరిగి ఉండడం ముఖ్యమైన సూచన. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి మోకాలును నెమ్మదిగా పొట్ట వైపు వంచితే, అది నేరుగా రాక బయటికి ఒరుగుతుంది. నమాజులో కూర్చున్నప్పుడు ఒక మోకాలు ముందుకు నిలవక పక్కకు పోవడం, బూట్లు తొడుక్కోవడానికి ఇబ్బంది పడడం కూడా తల్లిదండ్రుల కంట పడవచ్చు. నొప్పి ఉంటే బలవంతంగా వంచి చూడరాదు.

ఇలాంటి అనుమానం కలిగితే బిడ్డను ఇక నడిపించరాదు. ఎత్తుకునో, చక్రాల కుర్చీలోనో అదే రోజు ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. మర్దన, నాటు కట్టు, వ్యాయామం ఏవీ తగవు. రెండు తుంట్లకూ ముందు నుంచి, పక్క నుంచి ఎక్స్‌రే తీయమని మనమే అడగవచ్చు. ఆడపిల్లకు తుంటి పరీక్ష అంటే సంకోచించే కుటుంబాలున్నాయి. తల్లి పక్కనే ఉంటానని కోరవచ్చు గాని, పరీక్షను మానుకోరాదు.

ఈ తొందర ఎందుకు?

ఊతకర్రల సాయంతోనైనా నడవగలిగే బిడ్డ జారుడును 'స్థిరమైనది' అని, ఎలాగూ నడవలేని బిడ్డ జారుడును 'అస్థిరమైనది' అని వైద్యులు విభజిస్తారు. ఈ విభజనను ప్రతిపాదించిన 1993 నాటి అమెరికా అధ్యయనంలో, అస్థిరమైన 30 తుంట్లలో 14 రక్తప్రసరణ దెబ్బతిని ఎముక తల చచ్చుబడ్డాయి. స్థిరమైన వాటిలో ఒక్కటీ చెడలేదు. ఈ రోజు కుంటుతూ నడుస్తున్న బిడ్డ రేపు మెట్ల మీద తడబడితే, మొదటి వర్గం నుంచి రెండవ వర్గంలోకి జారిపోవచ్చు. తలకు రక్తం చేర్చే నాళాలలో ముఖ్యమైనవి మెడను ఆనుకునే పైకి వెళ్తాయి. అవి నలిగితే చిన్న వయసులోనే కీలు అరిగిపోవచ్చు.

చికిత్స

మందులతో ఈ జారుడు ఆగదు. శస్త్రచికిత్స అవసరం. స్థిరమైన జారుడులో ఎముకను వెనక్కి లాగి సరిచేయరు. ఉన్న స్థితిలోనే, తెర మీద ఎక్స్‌రే చిత్రాన్ని చూస్తూ, చిన్న గాటు ద్వారా ఒక స్క్రూను మెడ నుంచి తలలోకి బిగిస్తారు. అది జారుడును ఆపి, పలక మూసుకుపోయేలా చేస్తుంది. తీవ్రంగా జారినప్పుడు, అస్థిరమైనప్పుడు అనుభవజ్ఞులైన పిల్లల ఎముకల వైద్యులు మరింత పెద్ద శస్త్రచికిత్సను ఆలోచిస్తారు. కొందరికి తరువాతి కాలంలో ఎముక వంకరను సరిచేసే శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

ఒక తుంటి జారిన పిల్లల్లో చాలామందికి రెండవదీ జారవచ్చు. అందుకే కొందరికి, ముఖ్యంగా చిన్న వయసువారికి, హార్మోను లోపం ఉన్నవారికి రెండవ వైపు కూడా ముందుజాగ్రత్తగా స్క్రూ వేస్తారు. వేయని పక్షంలో ఎదుగుదల పూర్తయ్యే వరకు ఎక్స్‌రేలు తప్పనిసరి. బాగున్న కాలిలో నొప్పి మొదలైతే తేదీ వచ్చేదాకా ఆగకూడదు. ఖర్చు గురించి ఆరోగ్యశ్రీ వంటి పథకాలు వర్తిస్తాయేమో ఆసుపత్రిలోనే విచారించాలి.

శస్త్రచికిత్స తరువాత కొన్ని వారాలు ఊతకర్రలతోనే నడవాలి. ఆ రోజుల్లో బిడ్డను కుర్చీలో కూర్చుని నమాజు చేయనివ్వాలి. నిలబడలేని వారికి ధర్మం ఆ సౌలభ్యాన్ని ఇచ్చింది. పరుగు, ఆటలు వైద్యుని అనుమతితోనే మొదలుపెట్టాలి. బరువు తగ్గించవలసి వస్తే బిడ్డను ఎత్తిపొడవకుండా ఇంటిల్లిపాదీ తీపి పానీయాలు, వేపుళ్లు తగ్గించుకుందాం. దస్తర్‌ఖాన్ మీద అందరికీ ఒకే భోజనం ఉంటే, బిడ్డ దానిని శిక్షగా భావించదు.