సైకిలు విడిభాగాలకూ పరీక్ష కావాలి

సంఘానికి వచ్చిన పాలను తెల్లగా ఉన్నాయి కదా అని మనం తీసుకోము. లాక్టోమీటరు ముంచుతాము, వెన్న శాతం చూస్తాము, తరువాతనే పుస్తకంలో రాస్తాము. నీళ్లు కలిపి, ఆ పలుచన కనిపించకుండా చక్కెర వేసేవారు ఉంటారని తెలుసు కనుక ఒక్క పరీక్షతో ఆగము. కాని ఆ పాలను మోసే సైకిలుకు చైను కావలసి వస్తే మాత్రం ఫోనులో బొమ్మ చూసి, ధర చూసి డబ్బు పంపేస్తున్నాము. ఈ విషయంలో సభ్యులు పాటించవలసిన జాగ్రత్తలను ఇక్కడ వివరిస్తున్నాము.

ప్రమాదం ఎక్కడ?

మోటారు సైకిళ్లు ఎంత పెరిగినా, సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో పాలు పోయడానికి, ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్లడానికి సైకిలునే నమ్ముకున్న కుటుంబాలు ఉన్నాయి. 40 లీటర్ల పాల బరువే సుమారు 41 కిలోలు. క్యాను బరువు, మనిషి బరువు అదనం. ఈ భారమంతా వెనుక చక్రం పుల్లల మీద, ఇరుసు మీద పడుతుంది. దానిని ఆపవలసినవి రెండు జతల బ్రేకు రబ్బర్లు మాత్రమే. లారీలు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి మీద నాసి బ్రేకు పట్టకపోతే పోయేది పాలు మాత్రమే కాదు.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పేరులేని చవక వస్తువు నకిలీ కాదు. దాని నాణ్యత ఎంతో అంత ధర. మరొక కంపెనీ పేరు దొంగిలించి తగిలించుకున్నదే నకిలీ.

కొనే ముందు

1. వస్తువు పేరు కాదు, అమ్మేవారి పేరు చూడండి. కొనుగోలు యాప్ పెద్దదే కావచ్చు, దానిలో అమ్మేవాడు వేరొకడు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా కొనేవారికి కనిపించాలి. అవి లేనిచోట కొనవద్దు.

2. మన ఊరి సైకిలు షాపులో అదే కంపెనీ భాగం ధర అడగండి. అందులో సగానికే ఇస్తామంటే అనుమానించండి. అయితే ధర ఎక్కువైనంత మాత్రాన అసలుదని నమ్మవద్దు.

3. కంపెనీ పేరును అక్షరం అక్షరం చదవండి. నకిలీలో ఒక అక్షరం మారి ఉండవచ్చు.

4. యాప్ బయట డబ్బు పంపమని ఫోను చేస్తే పంపవద్దు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు.

పార్సెలు వచ్చినప్పుడు

విప్పేటప్పుడు ఇంట్లో ఒకరిచేత ఫోనులో వీడియో తీయించండి. ప్యాకెట్ మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం ఉన్నాయేమో చూడండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటే దాని దగ్గర సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉండాలి. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఆ సంఖ్య నొక్కితే అది ఎవరిదో తెలుస్తుంది.

తరువాత వస్తువును చూడండి. చైనులో ఒక మేకు నుంచి 24 లంకెల అవతలి మేకు వరకు 12 అంగుళాలు ఉండాలి. ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువ వస్తే అది వాడినదో, నాసిదో అయి ఉంటుంది. ఫ్రీవీలును తిప్పి చూడండి; ఊగరాదు, పట్టరాదు. టైరు కొలత రబ్బరులోనే అచ్చుపడి ఉండాలి. సిరాతో ముద్రించి ఉంటే సందేహించండి. బ్రేకు రబ్బరు గోరుతో నొక్కితే చెక్కలా గట్టిగా ఉండరాదు. అదే కంపెనీ పాత అసలు భాగం పక్కన పెట్టి రెండూ తూయండి. బరువులో తేడా బాగా ఉంటే బిగించకండి. ఏ ఒక్క గుర్తుతోనూ తీర్పు చెప్పలేము. అన్నీ కలిపి చూసి, సైకిలు మేస్త్రీకి కూడా చూపించండి.

నకిలీ అని తేలితే

వస్తువును వాడకుండా, ప్యాకెట్, బిల్లు, వీడియోలతో భద్రపరచండి. బిల్లు మీద అమ్మకందారు జి.ఎస్.టి. సంఖ్య 15 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36. నకిలీ వస్తువును వాపసు తీసుకోనని, డబ్బు ఇవ్వనని చెప్పే హక్కు అమ్మకందారుకు లేదు. యాప్ సంస్థ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

అప్పటికీ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఎక్కడివాడైనా మనం నివసించే జిల్లాలోనే, అంటే సంగారెడ్డి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు.

సంఘాలకు మనవి

ఒక్కొక్కరు ఒక్కొక్క చైను తెప్పించుకునే బదులు, పదిమంది అవసరాలు కలిపి, బిల్లు ఇచ్చే దుకాణంలో ఒకేసారి కొంటే ధరలోనూ, నమ్మకంలోనూ లాభం. దాణా కలిసి కొనడం మనకు కొత్త కాదు కదా! కార్యదర్శులు ఈ వ్యాసాన్ని వచ్చే సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. పాలకు పెట్టే పరీక్షే, వాటిని తెచ్చే సైకిలుకూ పెడదాము.