సంతకానికి ముందు సాయిల్ టెస్ట్

మీ జాగా డెవలప్‌మెంటుకు ఇమ్మని బిల్డరు వచ్చాడటగా! సగం మీకు, సగం ఆయనకు అన్నాడనీ, పైగా గుడ్‌విల్ ఇస్తానన్నాడనీ విన్నాను. మంచిదే. కానీ పైన ఎన్ని అంతస్తులు లేస్తాయో లెక్కేసే ముందు, కింద ఏముందో తెలుసుకోండి. మన హైదరాబాద్ బోరబండలో అదే అసలు లెక్క.

2020 అక్టోబరు మొదట్లో బోరబండ సైట్-3 వైపు ఏం జరిగిందో గుర్తుందా? రాత్రిపూట భూమిలోంచి పెద్ద పెద్ద చప్పుళ్లు వస్తే జనం పిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తారు. ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు వచ్చి, సీస్మోగ్రాఫులు పెట్టి చూశారు. అవి చాలా చిన్న ప్రకంపనలని తేల్చారు. మన కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. చూస్తే ఒకటే బండలా ఉంటుంది గానీ లోపల పగుళ్లు ఉంటాయి. గట్టి వానలు పడితే నీరు ఆ పగుళ్లలోకి దిగి ఒత్తిడి పెంచుతుంది. అప్పుడు రాయి రవ్వంత జరిగి సర్దుకుంటుంది. అది నేలకు బాగా దగ్గరలో జరుగుతుంది కాబట్టి, ప్రకంపన చిన్నదైనా చప్పుడు గట్టిగా వినిపిస్తుంది. భయపడాల్సింది లేదు, తెలుసుకోవాల్సింది మాత్రం ఉంది.

గ్రానైటు అన్నిచోట్లా ఒకే లోతులో ఉండదు. మీ జాగాలో ఒక మూల మూడడుగులకే బండ తగలొచ్చు, ఇంకో మూల ఇరవై అడుగులదాకా మొరమే ఉండొచ్చు. సగం పునాది బండ మీద, సగం మెత్తటి నేల మీద పడితే ఒకవైపు కుంగి గోడలు చీలతాయి. అందుకే సాయిల్ టెస్ట్. అరవైమూడున్నర కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వదులుతూ ఒక గొట్టాన్ని నేలలోకి దింపుతారు. 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. పశువుల కొట్టంలో గుంజ పాతేటప్పుడు మా నాన్న దెబ్బల్ని బట్టే నేల సంగతి చెప్పినట్టే! దెబ్బలు 50 దాటినా దిగకపోతే గట్టి నేల వచ్చిందని అర్థం. అక్కణ్నుంచి డ్రిల్ చేసి రాతి ముక్కను బయటికి తీస్తారు. ఆ ముక్కల్ని పెట్టెలో వరసగా పేర్చి ఉంచుతారు, వెళ్లి కళ్లారా చూడండి. ఒక్కచోట కాదు, నాలుగు మూలలా చేయించమనండి.

ఇది ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, సెల్లారు తవ్వాలా, స్టిల్టుతో సరిపెట్టాలా అన్నది ఆ రిపోర్టే చెబుతుంది. రిపోర్టు ముందే చేతిలో ఉంటే, పని మొదలయ్యాక ‘రాయి తగిలింది, ఇంకో ఏడాది పడుతుంది, ఖర్చు పెరిగింది’ అన్న మాటకు చోటుండదు. రాయి పగలగొట్టే ఖర్చు డెవలపర్‌దేననీ, రాయి తగిలిందని గడువు పెరగదనీ అగ్రిమెంటులో రాయించండి. గడువు దాటితే నెలకు ఎంత అద్దె ఇస్తాడో కూడా రాయించండి. తవ్వకం మొదలవకముందే పక్కవాళ్ల గోడల ఫొటోలు తీయించండి. రేపు బీట పాతదా, కొత్తదా అన్న పేచీ ఉండదు.

కాగితాల సంగతీ చూసుకోవాలి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు మీరే ముందుగా వకీలుకు చూపించండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంటు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రిజిస్టరు కావాల్సిందే, నోటరీ చాలదు. జీపీఏను డెవలపర్ వాటా ఫ్లాట్లకే పరిమితం చేయించండి. అనుమతి ఇచ్చేటప్పుడు కార్పొరేషన్ కాస్త పెద్ద కట్టడాల్లో పదో వంతు తనఖా పెట్టించుకుని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడిపిస్తుంది. ఆ పదో వంతు ఎవరి వాటాలోంచి పోవాలో చాలామంది అడగరు. డెవలపర్ వాటాలోంచేనని రాయించండి. జాగా 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ)లో నమోదు కావాలి. అలాంటి ప్రాజెక్టులో కొన్నవాళ్ల నుంచి వచ్చే సొమ్ములో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ కట్టడం, దాని స్థలం ఖర్చులకే వాడాలి. మీ బిల్డింగు సగంలో ఆగకుండా కాపాడేది ఆ నియమమే.

చివరగా నీళ్లు. మన బండలో బోరు నీరంటే ఆ పగుళ్లలో నిలిచిన వాన నీరే. ఏడాదికి 80 సెంటీమీటర్ల వాన అనుకుంటే 300 గజాల జాగా మీద సుమారు 2 లక్షల లీటర్లు పడతాయి. జాగా అంతా కాంక్రీటు పోస్తే ఆ నీరు రోడ్డు పాలే. ఇంకుడు గుంతను నీరు, భూమి, చెట్ల సంరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచే అడుగుతోంది. ప్లానులో గీత గీసి వదిలేయకుండా, అది ఎక్కడ, ఎంత లోతో స్పెసిఫికేషన్లలో రాయించండి.

రేపు బిల్డరు ఫోన్ చేస్తే వాటా మాట తర్వాత, ముందు సాయిల్ రిపోర్టు తెమ్మనండి. నిజంగా కట్టేవాడైతే ఆయనకూ అది అవసరమే. తెస్తే కూర్చుని మాట్లాడండి, తేకపోతే ఇంకో డెవలపర్‌ను చూసుకోండి.