తెరచాప పడవ పగ్గములు: శుభ్రత, సంరక్షణ

సముద్రమునకు ఎంతో దూరముననున్న సిద్దిపేట శ్రోతలకు తెరచాప పడవ పగ్గములను గూర్చి చెప్పనేల యని కొందరు అనుకొనవచ్చును. కాని నీరు నేడు సిద్దిపేట వాకిటనే యున్నది. కోమటిచెరువు పాతదే. 2020లో రంగనాయకసాగరము, కొండపోచమ్మసాగరము, 2022లో మల్లన్నసాగరము ఈ జిల్లాలో ప్రారంభింపబడినవి. మల్లన్నసాగరము ఒక్కటియే 50 టి.ఎం.సి.ల నీటిని నిలుపగలది. అంతటి నీటిపై గాలికి అడ్డుండదు. తెరచాప నడకను కన్నులార చూడదలచిన వారికి సుమారు 100 కిలోమీటర్ల దూరమున హుస్సేన్ సాగరము కలదు. వానకాలపు గాలులలో అచ్చట పోటీలు జరుగుచుండును. 2009లో నెలకొన్న హైదరాబాదు యాట్ క్లబ్బు పిల్లలకు ఈ విద్య నేర్పునదియు ఆ నీటిపైననే.

ఇట్టి పడవకు యంత్రము లేదు. తెరచాపను పైకెత్తునది ఒక పగ్గము. గాలికి తగినట్లు దానిని బిగించుచు, వదలుచు ఉండునది మరొక పగ్గము. పడవను రేవునకు కట్టి యుంచునది వేరొకటి. ఈదురుగాలి లేచిన వేళ వీనిలో ఏ యొక్కటి తెగినను పడవవాని చేతిలో ఏమియు మిగులదు. తాడు చెప్పకుండ తెగినదని ఆ పిమ్మట అందురు. నిజమునకు తాడు నెలల ముందునుండియు చెప్పుచునే యుండును.

పూర్వము పడవలకు జనుము, కొబ్బరిపీచు తాళ్ళే ఆధారము. కొబ్బరిపీచు ఉప్పునీటికి ఓర్చుకొనును, నీటిపై తేలును. జనుపతాడు బలమైనదే గాని, తడిదానిని చుట్టి మూల పడవైచినచో లోపలినుండి కుళ్ళును. 1935లో అమెరికాలో నైలాను, 1941లో ఇంగ్లండులో పాలియెస్టరు కనుగొనబడిన తరువాత తాళ్ళ తీరు మారినది. మన వస్త్రవ్యాపారులు టెరిలిన్ అని అమ్మినది ఈ పాలియెస్టరునే. నైలాను సాగును గనుక లంగరునకు మేలు. పాలియెస్టరు అంతగా సాగదు గనుక తెరచాపకు మేలు. ఈ తాళ్ళు కుళ్ళవు. కుళ్ళవు గనుక వీనికి సేవ అక్కరలేదను భ్రమ పుట్టినది. నేటి పడవలకు ఆ భ్రమయే పెద్ద కీడని మా అభిప్రాయము.

తాడనగా వేలకొలది సన్నని పోగుల కూర్పు. పోగులు నూలుగాను, నూలు పేటలుగాను, పేటలు తాడుగాను పురిపెట్టబడును. తడిసిన తాడు ఒడ్డున పడినప్పుడు, కాళ్ళక్రింద నలిగినప్పుడు ఇసుకరేణువులు పేటల నడుమకు దూరును. తరువాత ఆ తాడు గిలకపై వంగినప్పుడెల్ల పోగులు ఒకదానిపై నొకటి జరుగును. నడుమనున్న రేణువు ఆకురాయివలె వానిని కొరుగుచుండును. పైకి నిగనిగలాడుచున్న తాడు లోపల నూకవలె నలిగి యుండవచ్చును. సముద్రమున ఉప్పు స్ఫటికములు కూడ ఇదే పని చేయును. పైగా తేమను పట్టియుంచి తాడును బిరుసెక్కించును. మన జలాశయములలో ఉప్పు బెడద లేదు, బురదకు మాత్రము కొరత లేదు.

కనుక మొదటి సేవ మంచినీరు. పెద్ద గంగాళములో నీరు పోసి, తాడును వదులుగా చుట్టి, ఒక రాత్రి నాననీయవలెను. ఉదయమున నీరు పారబోసినచో అడుగున మట్టి కనబడును. అది కనబడనంతవరకు నీరు మార్చుచుండవలెను. జిడ్డున్నచో గోరువెచ్చని నీటిలో కొద్దిగా సబ్బు కలిపి, చేతితో పిసికి, మెత్తని కుంచెతో రుద్ది, సబ్బంతయు పోవునట్లు జాడింపవలెను. బండపై బాదరాదు. గొట్టముతో బలమైన నీటిధారను దగ్గరనుండి కొట్టినచో పైమట్టి లోపలికే చేరును. బట్టలు తెల్లబరచు పొడులు పనికిరావు. ఆమ్లము నైలానునకును, ఘాటైన క్షారము పాలియెస్టరునకును విషము. బ్యాటరీ ఉన్నచోట నైలాను తాడు ఉంచనేరాదు. బట్టలుతుకు యంత్రములో వేయువారు కూడ గలరు. సంచిలో మూటగట్టక వేసినచో, ఆ చిక్కు విప్పుటకు ఆదివారమంతయు చాలదు.

ఆరవేయుట నీడలోనే. వేసవి యెండ ఏ తాటికైనను చేటే. సంతలో అగ్గువకు దొరకు ప్లాస్టిక్కు తాళ్ళు ఎండకు త్వరగా పెళుసెక్కును. మూడు పేటల తాడును, సాధారణముగా ఉండు కుడిపురిదైనచో, గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే చుట్టి, నేలకు తగులకుండ కొయ్యమేకునకు తగిలింపవలెను. ఎదురు దిక్కున చుట్టినచో పురి వదలి మెలికలు పడును.

నెలకొకసారి తాడంతటిని వ్రేళ్ళ నడుమనుండి మెల్లగా జార్చి చూడవలెను. సన్నబడినచోట, గట్టిపడి మెరయుచోట ఆగవలెను. ఆ మెరుపు ఒరపిడి వేడికి పోగులు కరగిన గుర్తు. పురికి ఎదురుగా త్రిప్పి పేటలను విప్పినచో లోపలి పొడియు, తెగిన పోగులును బయటపడును. మోట తోలిన పెద్దలకు తెలియును: తాడు తెగునది గిలకపై ఒరయుచోటనే. పడవలోను అంతే. అందుచే ఏడాదికొకసారి తాటి కొనలను తారుమారు చేసినచో ఒరపిడి క్రొత్తచోట పడును. ముడివేసినచోట తాటి బలము దాదాపు సగమునకు తగ్గవచ్చును. శాశ్వతముగా కలుపదలచినచో పేటలను ఒకదానిలో నొకటి అల్లుటయే మేలు. కొనలు విడిపోకుండ గట్టి దారముతో చుట్టి కట్టవలెను.

ఇన్ని చేసినను తాటికి ఆయువు తీరు దినము వచ్చును. అట్టి తాడును పడవలోనే మూల నుంచుట వద్దు. తొందరలో ఎవరో దానినే అందుకొందురు. బారెడు ముక్కలుగా కోసి, దూడల పలుపులకు ఇచ్చివేయవలెను.