మిగిలిన పిడికెడు ఎవరికి?



ఒక్కపొద్దు ఉండడం మనకు కొత్త కాదు. శివరాత్రికి ఉంటాం. ఏకాదశికి ఉంటాం. ముస్లిం అక్కలు రంజాన్ నెలంతా రోజా ఉంటారు. క్రైస్తవులకు కూడా నలభై రోజుల దీక్ష ఉంది. దాన్ని తపస్సు కాలం అంటారు. కొందరు శ్రమల దినాలు అని, లెంట్ అని అంటారు. ఈ దీక్ష ఎందుకు? అందులో మనందరికీ పనికొచ్చే మాట ఏముంది? చూద్దాం.

నలభై రోజుల లెక్క

ఏసు అరణ్యంలో నలభై దినాలు ఉపవాసం ఉన్నాడని బైబిలు చెబుతుంది. దాని గుర్తుగానే ఈ దీక్ష. ఇది ఒక బుధవారం మొదలవుతుంది. ఆ రోజు చాలా చర్చిల్లో నొసట బూడిద పెడతారు. ఈస్టరు పండుగ ముందు రోజుతో దీక్ష ముగుస్తుంది. మొత్తం 46 రోజులు. మధ్యలో వచ్చే 6 ఆదివారాలు లెక్కలోకి రావు. 46లో 6 తీసేస్తే 40.

ఈ రోజుల్లో కొందరు మాంసం మానేస్తారు. కొందరు కాఫీ, టీ మానేస్తారు. కానీ మానడం ఒక్కటే చాలదు. ప్రార్థన, ఉపవాసం, దానం మూడూ ఉండాలి. మానేసిన దుడ్లు మన పెట్టెలోనే ఉంటే అది పొదుపు. ఆకలైన వాళ్లకు చేరితే అది దీక్ష.

డోర్నకల్ ఆడవాళ్లు

"పేదవాళ్లం, మేమేం ఇస్తాం?" అని మీరు అడగొచ్చు. తెలంగాణలో డోర్నకల్ అనే ఊరుంది. 1912లో వి.ఎస్. అజరయ్య గారు అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన తమిళుడు. తెలుగు నేర్చుకున్నారు. అక్కడి క్రైస్తవుల్లో ఎక్కువమంది పేద కూలి జనం. చేతిలో దుడ్లు లేవు. అయినా ఇచ్చారు. ఎట్లా?

వంటకు బియ్యం తీసేటప్పుడు ఆడవాళ్లు ఒక పిడికెడు పక్కన పెట్టేవాళ్లు. అట్లా కూడిన బియ్యాన్ని చర్చికి కానుకగా తెచ్చేవాళ్లు. నలభై రోజులే కాదు, ఏడాది పొడుగునా ఇట్లే చేసేవాళ్లు.

ఎవరు మానాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త. మన ఇండ్లలో అందరి కన్నా ఆఖరున తినేది ఆడది. సంగటి చాలకపోతే మొగుడికి, బిడ్డలకు పెట్టి తాను నీళ్లు తాగి పడుకుంటుంది. అది దీక్ష కాదు, ఆకలి. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి మించి రక్తం తక్కువని 2019-21 ప్రభుత్వ సర్వేలో తేలింది. కాథలిక్ చర్చి కూడా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, రోగులు ఉపవాసం ఉండనక్కర లేదంటుంది.

కాబట్టి ముందు మానాల్సింది అక్కర లేని ఖర్చు. అది ఒక్క ఆడవాళ్ల పని కాదు. ఇంటాయన బీడీ కట్ట, మందు కూడా లెక్కలోకి రావాలి.

సేవ అంటే

గుడ్ ఫ్రైడే ముందు రోజు రాత్రి ఏసు తన శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ కాలంలో అది పనివాళ్ల పని. ఆ గుర్తుగా గురువు చర్చిలో కొందరి కాళ్లు కడుగుతాడు. కాథలిక్ నియమం ప్రకారం అంతకుముందు మగవాళ్లవే కడగాల్సి ఉండేది. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆ నియమం మార్చారు. ఇప్పుడు ఆడవాళ్లవీ కడగవచ్చు.

మన సోమందేపల్లె దిక్కు ఈ దీక్ష ఎండలు ముదిరే కాలంలో వస్తుంది. శెనక్కాయ పంట అప్పటికే అయిపోయి ఉంటుంది. చేన్లలో పని తక్కువ. బోర్లు ఎండుతాయి. వయసు వాళ్లు బెంగళూరుకు పోతే ముసలివాళ్లు ఊర్లో మిగులుతారు. సాయం కావాల్సింది అప్పుడే.

దుడ్లు లేకున్నా సేవ చేయొచ్చు. నడవలేని అవ్వకు బిందెడు నీళ్లు తెచ్చివ్వొచ్చు. ఆస్పత్రికి తోడు పోవచ్చు. ఇప్పుడు మీకు చదువొచ్చింది. రేషన్ కార్డులో ఏం రాశారో, మందు సీసా మీద తేదీ ఎంతో చదివి చెప్పొచ్చు.

లెక్క వేయండి

ఒకామె రోజుకు 5 రూపాయలు పక్కన పెట్టింది. 40 రోజులకు ఎంత? పదిమంది పెడితే ఎంత? పలక మీద వేసి చూడండి. ఆ దుడ్లు మీ ఊర్లో ముందు ఎవరికి చేరాలి? అందరూ కూర్చుని మాట్లాడుకోండి.